హవల్దార్ మేజర్ ఇంటి బిందె

“నీ పటాలంలో నువ్వు చివర తింటే తిను, పస్తుంటే ఉండు. నా బిందె ఏం చేసిందయ్యా? అది కూడా పోయి మిలిట్రీలో చేరిందా?”

“ఓబీ, మెల్లగా మాట్లాడు. లైన్లో జనముండారు.”

“ఉండనీ. వాళ్లకు తెల్లేదా? ఊరందరికీ తేట నీళ్లు, నాకు ట్యాంకరు అడుగున తుప్పు నీళ్లు. పప్పు వండితే ఇనుము వాసనొస్తాండాది. నిన్న తిన్నావు కదా, ఏమన్నా తెలిసిందా?”

“బాగనే ఉండాది పప్పు.”

“నీకు బాగనే ఉంటాది. ఇరవై ఏండ్లు రేకు పళ్లెంలో ఏది పోస్తే అది తిన్న నోరది.”

గొడవ స్కూలు గోడ వెనక నుంచి వస్తోంది. గోడకు ఇవతల నీళ్ల ట్యాంకరు నిలబెట్టి ఉంది. ట్రాక్టరు సీటు మీద కూర్చున్న ఆనంద్ ఇంజన్ ఆపేశాడు. గోడ పొడవునా బిందెలు పెట్టుకుని నిలబడ్డ జనం కూడా మాటలు ఆపేశారు.

“ఏంటికప్పా ఇంజన్ ఆపితివి?” అన్నాడు లైన్లో ఉన్న తిప్పయ్య.

“డీజిల్ అయిపోతాది మామా.”

“డీజిల్ గాదులే. సరిగా వినపడలేదు నీకు.”

అంతలో గోడ మలుపు తిరిగి కుళ్లాయప్ప వచ్చాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ ప్యాంటు, నల్ల బూట్లు, మెడలో విజిల్. పెళ్లాం ఓబమ్మ చేత మాటలు పడి వచ్చిన మనిషిలా లేడు, కలెక్టరుతో మీటింగు ముగించుకుని వచ్చినట్టున్నాడు. లైను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, తిప్పయ్య బిందె ముందు ఆగాడు.

“దాహినే సజ్.” కుడి పక్కకు చూసి వరస కలపమని.

తిప్పయ్య తన బిందెను కాలితో జానెడు వెనక్కి జరిపాడు. కుళ్లాయప్ప ఇంకా చూస్తూనే ఉన్నాడు. తిప్పయ్య ఇంకో రెండు వేళ్లు జరిపాడు. అప్పుడు విజిల్ మోగింది, ఆనంద్ దిగి వాల్వు తిప్పాడు.

రాయదుర్గం నుంచి కాస్త లోపలికి, ఎర్రమట్టి గుట్టల మధ్య ఉంటుంది నల్లగుట్లపల్లి. అక్కడ బోర్లు ఎండిపోయి చాలా కాలమైంది. ఊరి బయట ఒక తోటలో మిగిలిన బోరు దగ్గర ట్యాంకరు నింపుకుని రోజూ పొద్దున్నే ఊళ్లోకి తేవడం ఆనంద్ పని. అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతూ రెండో ఏడు మధ్యలో లేచి వచ్చేశాడు. బెంగళూరులో బిర్యానీలు మోశాడు, రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టాడు, అదీ విసుగొచ్చి ట్రాక్టరెక్కాడు. ఎక్కడా నాలుగు రోజులు నిలవని ఆనంద్ ఈ పనిలో మాత్రం నిలిచాడు. కారణం జీతం కాదు. పొద్దున్నే నిద్ర లేచి చూడదగ్గ తమాషా ఆ చుట్టుపక్కల ఇదొక్కటే.

తమాషాకు హీరో కుళ్లాయప్ప. మిలిట్రీలో చేరాలని ఆయనెప్పుడూ అనుకోలేదు. శనక్కాయ పంట ఎండిపోయిన ఒక ఏడు, స్నేహితుడు భర్తీకి పోతుంటే తోడుగా గుంతకల్లు పోయాడు. అక్కడ పరుగు పెట్టించారు. స్నేహితుడు సగంలో కూలబడ్డాడు. ఈయన వాడి చెప్పులు చేతిలో పట్టుకుని చివరిదాకా పరిగెత్తాడు. చెప్పులు తిరిగి ఇవ్వడానికి కూడా టైమివ్వకుండా రైలెక్కించారు. సిపాయిగా మొదలై, మెట్టు మెట్టుగా పైకొచ్చి, కంపెనీ హవల్దార్ మేజరయ్యాడు.

హవల్దార్ మేజర్ అంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయనే ఒకసారి చెప్పాడు. యుద్ధం ఎట్ల చేయాలో ఆఫీసర్లు చెబుతారట. గడ్డం గీసుకున్నాడా, బూట్లకు పాలిష్ పెట్టాడా, ఇంటి నుంచి ఫోనొచ్చినాక అన్నం మానేసి మూల కూర్చున్నాడా, ఇవన్నీ హవల్దార్ మేజర్ చూడాలట. జవానుకు తల్లీ, తండ్రీ, పోలీసూ, ఆడపడుచూ నాలుగూ ఆయనే. ఆలస్యంగా వచ్చిన జవాను వీపుకు బరువు మూట కట్టి గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాడు. పక్కనే తనూ పరిగెత్తేవాడు. శిక్ష వేసిన మనిషి నీడలో నిలబడితే అది శిక్ష కాదు, కక్ష అని ఆయన లెక్క. దాని వల్ల ఆయన మోకాళ్లు అరిగాయి. జవాన్లు బాగుపడ్డారా లేదా అన్నది మాత్రం ఆయన చెప్పలేదు.

పింఛను తీసుకుని వచ్చాక బెంగళూరులో ఒక పెద్ద దుకాణాల భవనం గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. లోపలికొచ్చే ప్రతి కారుకూ సెల్యూట్ కొట్టాలన్నారు. ఒకరోజు ఒక కారు వెనక సీట్లో కుక్కపిల్ల ఒక్కటే దర్జాగా కూర్చుని వచ్చింది. కుళ్లాయప్ప చెయ్యి ఎత్తలేదు. మేనేజరు ఎందుకని అడిగితే, “ఈ సాబుది ఏం ర్యాంకు సార్?” అన్నాడు. ఆ సాయంత్రమే ఊరి బస్సెక్కాడు.

ఊళ్లో దిగిన రోజే ట్యాంకరు దగ్గర కొట్లాట చూశాడు. అప్పట్లో లైనేమీ లేదు. ట్యాంకరు ఆగకముందే పైకెక్కేవాళ్లు, మూత తెరిచి రబ్బరు పైపులు వదిలేవాళ్లు, కింద బిందెలతో ఒకరి తల ఒకరు పగలగొట్టుకునేవాళ్లు. తిప్పయ్య నుదుటి మీద ఇప్పటికీ ఇత్తడి బిందె అంచు గుర్తుంది. కుళ్లాయప్ప అటెన్షన్లో నిలబడి, “ఫాలిన్” అని ఒక్క అరుపు అరిచాడు. స్కూల్లో పిల్లలు లేచి నిలబడ్డారు, అయివారుతో సహా. ట్యాంకరు మీదున్న మనిషి జారి కింద పడ్డాడు. ఆ నిశ్శబ్దంలోనే ఆయన బిందెలన్నీ గోడ పొడవునా వరసగా పెట్టించేశాడు. ఈ రోజు ముందున్న ఇల్లు రేపు వెనక్కి పోవాలి. ఎవరికీ మినహాయింపు లేదు. ఊరు నాలుగు రోజులు తిట్టింది, తర్వాత అలవాటు పడింది. తల పగలకుండా నీళ్లు దొరకడం అంత చెడ్డ సంగతేమీ కాదు.

వచ్చిన చిక్కంతా ఒక్క బిందెతోనే. పటాలంలో భోజనాల దగ్గర హవల్దార్ మేజర్ చివర తింటాడట. జవాన్లందరికీ సరిపోయిందా లేదా కళ్లారా చూసుకుని, మిగిలితే తను పళ్లెం పడతాడట. ఆ ఆచారాన్ని కుళ్లాయప్ప ట్రంకుపెట్టెతో పాటు ఊరికి మోసుకొచ్చాడు. అందరి ఇళ్లూ వంతుల ప్రకారం ముందుకీ వెనక్కీ తిరుగుతాయి, ఆయన ఇంటి బిందె మాత్రం ఎప్పుడూ చివరే. ఆయనకది గౌరవం. ఓబమ్మకది తుప్పు నీళ్లు.

ఇంతలో ఊరికి పైపులు వేశారు. ఇంటింటికీ కొళాయి పెట్టారు. సోమవారం నుంచి నీళ్లు వదులుతాం, ఆదివారమే ఆఖరి ట్యాంకరు అని చెప్పి వెళ్లారు. ఊరంతా సంబరపడింది. కుళ్లాయప్ప మాత్రం ఇంటి ముందు కొళాయి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “దీనికి లైనెట్ల పెడతారప్పా?” అన్నాడు.

ఆ మర్నాడే ఓబమ్మ లైను మధ్యకొచ్చి, కొంగు నడుముకు దోపుకుని, అందరూ వినేట్టుగా మొగుడితో చెప్పింది.

“ఇన్నేండ్లు నీ మాట విన్నా. ఆఖరి ట్యాంకరుకు నా బిందె ముందర ఉండల్ల. ఒగే ఒగసారి. లేదంటే ఆ పొద్దే గుంతకల్లుకు మా చెల్లెలింటికి పోతా. మళ్లీ రాను. నువ్వే ఫాలినై, నువ్వే లెక్క చెప్పుకో.”

“ఓబీ, లైనంటే...”

“లైనుతోనే కాపురం చేసుకో అయితే.”

అది ఉత్త బెదిరింపు కాదని ఆనంద్‌కు తెలుసు. ఓబమ్మ చెప్పింది చేసే మనిషి. మొగుడు యాడో మంచు కొండల్లో ఉన్నప్పుడు ఇల్లు కట్టించింది, మామగారి అంత్యక్రియలు జరిపించింది, ఎండిన చేనును రెండుసార్లు దున్నించింది. ఆమె గుంతకల్లు పోతే కుళ్లాయప్పకు ట్యాంకరూ పోతుంది, ఇల్లూ పోతుంది. మిగిలేది విజిల్ ఒక్కటే.

ఊరంతా కుళ్లాయప్పకు నచ్చజెప్పింది. జీన్సు షెడ్డుకు పోయే హేమావతికి ఆదివారం మొదటి వంతు వచ్చింది. “నా వంతు అత్తకిస్తా మామా, నేను చివర పట్టుకుంటా” అంది.

“వంతు నీ ఆస్తా అమ్మా, రాసిచ్చేకి?”

“అయ్యో, నేను ఇష్టంగానే ఇస్తాండా కదా.”

“ఈ పొద్దు నువ్వు ఇష్టంగా ఇస్తావు. రేపు ఇంగొకడు ఇష్టం లేకుండా ఇప్పిచ్చుకుంటాడు.”

“ఆదివారం దాటితే ట్యాంకరే రాదు మామా.”

అయినా ఆయన మారలేదు.

తిప్పయ్య వేరే దారి పట్టాడు. “పోనీ బావా, ఆ ఒక్క పొద్దు జొరమొచ్చిందని ఇంట్లో పండుకో. మేము చూసుకుంటాం.”

“నువ్వు చూసుకున్నందుకే కదా నీ నెత్తి పగిలింది.”

ఇక లాభం లేదనుకుని ఆనంద్ శనివారం నాడు తన తెలివి ఉపయోగించాడు. రోజూ ట్యాంకరు గోడకు రోడ్డు వైపు కొసన ఆగేది, ట్రాక్టరు మూతి రోడ్డు దిక్కు ఉండేది. నీళ్లొచ్చే వాల్వు ట్యాంకరు వెనక కాబట్టి, లైను అక్కణ్ణించి మొదలై ఊరి వైపు సాగేది. ఓబమ్మ బిందె ఊరి వైపు కొసన, అందరికన్నా చివర ఉండేది. ఆ రోజు ఆనంద్ వెనక సందు గుండా చుట్టు తిరిగి వచ్చి, ఊరి వైపు కొసన ఆపాడు. ట్రాక్టరు మూతి కుళ్లాయప్ప ఇంటి దిక్కు, వాల్వు సరిగ్గా ఓబమ్మ బిందె మీద.

“ఏమప్పా ఇది?” అన్నాడు కుళ్లాయప్ప.

“రోడ్డు దిక్కు గుంత పడింది మామా, బండి దిగదు.”

“యాడ గుంత?”

“ఉండాదిలే.”

ఓబమ్మ బిందె పక్కనే నిలబడి ఎటో చూస్తోంది. మొహంలో నవ్వు లేదు, కానీ వచ్చేలా ఉంది. కుళ్లాయప్ప వాల్వును చూశాడు, బిందెను చూశాడు, పెళ్లాన్ని చూశాడు. ఆయన గొంతు కాస్త తడబడింది అని తర్వాత హేమావతి చెప్పింది. ఆనంద్‌కైతే ఎప్పటిలాగే వినపడింది.

“లైన్, పీఛే ముడ్.”

అర్థం కాక ఎవరూ కదల్లేదు. అప్పుడు తెలుగులో చెప్పాడు. అందరూ బిందెలెత్తుకుని, లైను తల ఇటు, తోక అటు వచ్చేట్టు మళ్లీ పెట్టుకోవాలి. ఊరు ఊరంతా బిందెలు చంకనెత్తుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకూ, ఈ కొస నుంచి ఆ కొసకూ నడిచింది. తిప్పయ్య రెండుసార్లు తప్పిపోయి, వేరేవాళ్ల బిందె పట్టుకుని నిలబడ్డాడు. ఓబమ్మ మాత్రం కదల్లేదు. ఆమె బిందెను కుళ్లాయప్పే రెండు చేతులతో ఎత్తి, దేవుడి పల్లకీ మోసినంత జాగ్రత్తగా మోసుకుంటూ రోడ్డు కొసకు పోయి, చివర పెట్టాడు. వంగి, పక్క బిందెతో సరిగ్గా వరస కలిపాడు కూడా.

ఓబమ్మ అరవలేదు. అప్పుడు వేసింది ఊరికి భయం. ఆమె నిదానంగా ఇంట్లోకి పోయి, బయటికొచ్చి, ఎర్ర సంచి ఒకటి వాకిట్లో అరుగు మీద పెట్టింది. లోపల చీరలు. పైన మడిచిన స్వెటరు. గుంతకల్లు ఎండల్లో స్వెటరెందుకని ఎవరూ అడగలేదు. మళ్లీ రాని మనిషి అన్నీ తీసుకునే పోతుంది.

“అయిపాయ,” అన్నాడు తిప్పయ్య. “నీ తెలివికి దండమప్పా ఆనందూ. ఊరికే ఉన్నా బాగుండేది.”



ఆదివారం పొద్దున్నే ఆనంద్ తోటలో బోరు కింద ట్యాంకరు పెట్టి నింపుతున్నాడు. గట్టు మీద బూట్ల చప్పుడైంది. కుళ్లాయప్ప. ప్యాంటుకు ఎప్పటికన్నా పదునైన ఇస్త్రీ. భుజం మీద లావుపాటి కొత్త మోకు చుట్ట.

“ఏం మామా, ఎద్దు బాయిలో పడిందా?”

“లేదప్పా.” మోకు దించి ట్రాక్టరు మడ్‌గార్డు మీద పెట్టాడు. కాసేపు నీళ్లు పడుతుంటే చూశాడు. ఆనంద్ తిట్లకు సిద్ధమై ఉన్నాడు. గుంత సంగతి అడుగుతాడనుకున్నాడు.

“మా పలటన్‌లో ఒగ రివాజు ఉండాది,” అన్నాడు కుళ్లాయప్ప. “సుబేదార్ మేజర్ సాబ్ పింఛను పోయేటప్పుడు జీపులో కూర్చోబెట్టి, మెడనిండా దండలేసి, ఇంజన్ స్టార్ట్ చేయరు. ముందర తాడు కట్టి జవాన్లంతా లాగుతారు. గేటు దాకా. డోలు కొడతాంటారు. ఎంత రాయిలాంటి సాబైనా ఆ పొద్దు ఏడుస్తాడు.”

“నిన్నెవరు లాగినారు మామా?”

“నేను ఎప్పుడూ తాడు దిక్కే. సాబులెందరు పోయినా నేనే ముందర పట్టింటి, గొంతు పెద్దదని. నా వంతుకు మా కంపెనీ వేరే చోటికి మారతాండాది. ఎవరికీ తీరిక ల్యా. రేషన్ లారీలో ఉల్లిగడ్డల మూటల మింద కూర్చోని స్టేషనుకు వచ్చినా.” ఆయన నవ్వాడు. “కండ్లల్లో నీళ్లు కారినా ఎవరికీ అనుమానం రాలేదులే.”

ఆనంద్‌కు విషయం తెలిసిపోయింది అనిపించింది. మోకు చేతిలోకి తీసుకున్నాడు.

“ఇంతే కదా మామా. ముందే చెప్పుంటే సరిపోయేది. నువ్వు ఎక్కు, ఊరంతా లాగుతాం. తిప్పయ్య మామతో డోలు కొట్టిస్తా.”

“తప్పు.” ఆ గొంతుకు ఆనంద్ తెలియకుండానే నిటారుగా నిలబడ్డాడు. “తాడు సుబేదార్ మేజర్‌కు. హవల్దార్ మేజర్‌కు గాదు. మా పలటన్‌లో ఎవురూ నాకు బాకీ ల్యా. నేను ఆ ర్యాంకు దాకా పోలే, అంతే.”

“మన ఊళ్లో సుబేదార్ మేజర్ యాడుండాడు మామా?”

కుళ్లాయప్ప ఊరి వైపు చూశాడు. ఇక్కణ్ణించి స్కూలు గోడ, దాని వెనక తన ఇంటి మిద్దె కనపడుతున్నాయి. అరుగు మీద ఎర్ర సంచి కూడా, చూడాలనుకుంటే.

“నా మింద ఆర్డరేసే మనిషి ఈ ఊళ్లో ఎవరప్పా?”

ఆనంద్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన నవ్వడం లేదు.

“నేను లీవులో వచ్చి నెల దినాలుండి పోతాంటి. తక్కిన దినాలన్నీ ఈడ డ్యూటీ చేసింది ఎవరు? మా నాయన పోతే నాకు ఫోనొచ్చేతలికి ఆయమ్మ అన్నీ జరిపేసింది. చివర నిలబడే రివాజు నాది. ఆయమ్మనడిగి పెట్టినానా నేను? అయినా ఇన్నేండ్లు నిలబడింది. తిట్టింది, సరే. లైన్లోంచి మాత్రం పక్కకు పోలే.”

“అయితే ఈ పొద్దు అత్త బిందె ముందర పెడతావా?”

“బిందె చివరనే. లైను లైనే.” ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఇది వేరే.”

ట్యాంకరు నిండి నీళ్లు పైనుంచి కారడం మొదలైంది. ఇద్దరూ పట్టించుకోలేదు.

“తిప్పయ్యకు చెప్పినా, హేమావతికి చెప్పినా. తాడు అందరూ పడతారు, ముందర నేను పడతా. నీతో ఒగ పని ఉండాది,” అన్నాడు కుళ్లాయప్ప. చొక్కా గుండీ తడుముకున్నాడు, అది పెట్టే ఉంది. ఇంత పెద్ద గొంతు మనిషి ఇంత మెల్లగా మాట్లాడగలడని ఆనంద్‌కు అప్పుడే తెలిసింది. “నీళ్లు అయిపోయినంక ఆయమ్మ బస్సుకు బయల్దేరతాది. రోడ్డు దాకా దింపుతా రా అత్తా అని సీటు పక్కన కూర్చోబెట్టుకో. నీ మాటైతే వింటాది. ఎక్కినంక ఇంజన్ ఆపేసి స్టీరింగ్ పట్టుకో. యా దిక్కు పోవాల్లో ఆయమ్మనే అడుగు. రోడ్డు దిక్కంటే రోడ్డు దిక్కే లాగుతాం, నేను అడ్డం రాను. ఆర్డర్ ఆమెది. కాకుంటే ఒగటి, అల్లుడా...”

“చెప్పు మామా.”

“నిన్న బండి తప్పు దిక్కు నిలిపినావే. అడిగేటప్పుడు అట్లనే నిలుపప్పా, మూతి మా ఇంటి దిక్కు ఉండేట్లు.”